0.63 పెట్టాలా, 0.82 పెట్టాలా?

టర్బో కొనాలనుకున్న ప్రతివాడూ ముందు చూసేది కంప్రెసర్ వీలే, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో (అదే బూస్ట్) నెట్టే చక్రం. ఎన్ని మిల్లీమీటర్లు, ఎంత హార్స్‌పవర్ దాకా లాగుతుంది, బిల్లెట్‌దా పోతపోసినదా అని రాత్రిళ్లు కూర్చుని స్క్రీన్‌షాట్లు పంపుకుంటారు. తీరా ఆర్డర్ పెట్టేటప్పుడు "టర్బైన్ హౌసింగ్ ఏ సైజు కావాలండీ?" అని అవతలివాళ్లు అడిగితే నోట మాట రాదు. ఇంజన్ వదిలే ఎగ్జాస్ట్ గ్యాస్‌ని, కంప్రెసర్‌ని తిప్పే టర్బైన్ వీల్ మీదికి మళ్లించే గూడే ఆ హౌసింగ్. అలాంటి ఇంజనే ఉన్న ఫ్రెండ్ ఏది వాడాడో కనుక్కుని అదే చెప్పేస్తారు. బూస్ట్ ఏ ఆర్‌పీఎం దగ్గర అందుకుంటుంది, పైకి వెళ్లాక ఇంజన్‌కి ఊపిరాడుతుందా లేదా, గేర్ మార్చగానే కారు మళ్లీ లాగుతుందా లేక కాసేపు ఆలోచిస్తుందా, ఇవన్నీ తేల్చేది మాత్రం చాలావరకు ఆ హౌసింగే. అందుకే ఈసారి దాని గురించే రాస్తున్నా. కొన్ని లెక్కలు వస్తాయి, భయపడకండి, గుణకారాలూ భాగహారాలే.

ముందు ఆ అంకె సంగతి. హౌసింగ్ మీద 0.63, 0.82, 1.06 అని పోతలోనే వచ్చే అంకెను ఏ/ఆర్ అంటారు. లోపల గ్యాస్ వెళ్లే దారిని ఒకచోట అడ్డంగా కోసి చూస్తే కనపడే రంధ్రం వైశాల్యం ఏ. టర్బో షాఫ్ట్ నడిమధ్య నుంచి ఆ రంధ్రం కేంద్రం దాకా ఉండే దూరం ఆర్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. గ్యాస్ లోపలికి తిరుగుతున్న కొద్దీ దారి సన్నబడుతుంది, అదే లెక్కన షాఫ్ట్‌కి దగ్గరవుతుంది కూడా, కాబట్టి ఎక్కడ కోసి చూసినా ఏ/ఆర్ దాదాపు ఒకటే వస్తుంది. వైశాల్యాన్ని దూరంతో భాగిస్తున్నాం కాబట్టి ఇది ఉత్త నిష్పత్తి కాదు, దీనికి ఒక కొలత ఉంది, మామూలుగా అంగుళాలు. ఆర్ 2 అంగుళాలు అనుకుందాం. 0.63 హౌసింగ్‌లో దారి వైశాల్యం 1.26 చదరపు అంగుళాలు, అంటే 8.1 చదరపు సెంటీమీటర్లు. అదే ఆర్‌తో 0.82 అయితే 10.6, 1.06 అయితే 13.7. చెవికి 0.63కీ 0.82కీ మధ్య పెద్ద తేడా ఉన్నట్టు అనిపించదు గానీ దారి ఏకంగా 30 శాతం పెరుగుతోంది.

ఇంకో తిరకాసు ఏంటంటే ఈ అంకెల్ని ఒకే ఫ్యామిలీ టర్బోల మధ్య మాత్రమే పోల్చుకోవాలి. చిన్న టర్బైన్ వీల్ చుట్టూ ఉన్న 0.82, పెద్ద వీల్ చుట్టూ ఉన్న 0.82 ఒకటి కావు. గ్యారెట్ కంపెనీ 0.83కీ బోర్గ్‌వార్నర్ కంపెనీ 0.83కీ అంకె తప్ప సంబంధం లేదు. మిత్సుబిషి టర్బోలకైతే 6, 7, 8 అని చదరపు సెంటీమీటర్లలోనే చెబుతారు, అది వైశాల్యం మాత్రమే, ఆర్ అందులో లేనే లేదు, కాబట్టి దాన్ని పట్టుకుని ఇది గ్యారెట్‌లో ఇంతకి సమానం అని ఎవరైనా ఖచ్చితంగా చెబితే కాస్త అనుమానించండి.

సరే, ఈ అంకె చిన్నదైతే టర్బో ఎందుకు త్వరగా తిరుగుతుంది? నీళ్ల పైపు చివర బొటనవేలు అడ్డుపెడితే ధార వేగంగా వస్తుంది కదా, అదే ఇది అని అందరూ చెబుతారు. అది సగం నిజం. వైశాల్యం తగ్గితే వేగం పెరుగుతుంది, అంతవరకు ఒప్పుకోవచ్చు, మరి ఆర్ ఎందుకు మధ్యలో? ఎందుకంటే గ్యాస్ తిరుగుతూ లోపలికి వస్తోంది, దాని వేగాన్ని షాఫ్ట్ నుంచి దూరంతో గుణిస్తే వచ్చేది దాదాపు మారదు. కోణీయ ద్రవ్యవేగం అని ఫిజిక్స్‌లో చదువుకున్నాం, అదే. అంటే లోపలికి వస్తున్న కొద్దీ గ్యాస్ ఇంకా వేగం అందుకుంటుంది. ఈ రెండూ కలిపి లెక్క వేస్తే, వీల్ అంచుని గ్యాస్ ఎంత వేగంతో చుట్టుతిరుగుతూ తాకుతుందనేది ఏ మీదో ఆర్ మీదో విడివిడిగా కాకుండా సరిగ్గా ఏ/ఆర్ మీదే ఆధారపడుతుంది. ఆ అంకెను హౌసింగ్ మీద పోతపోయడానికి కారణం అదే.

వేగంతో పాటు కోణం కూడా మారుతుంది, నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. ఏ/ఆర్ చిన్నదైతే గ్యాస్ వీల్‌ని అంచు వెంబడి రాసుకుంటూ తాకుతుంది, అందుకే తక్కువ గ్యాస్‌తోనే వీల్ గట్టిగా తిరుగుతుంది. ఏ/ఆర్ పెద్దదైతే గ్యాస్ మధ్యకు దూసుకొస్తున్నట్టు వస్తుంది, తిప్పే శక్తి కొంచెం తగ్గుతుంది గానీ ఎక్కువ గ్యాస్ సాఫీగా లోపలికి పోతుంది. చిన్న హౌసింగ్‌తో కింద లాభం, పైన ఇరుకు. పెద్ద హౌసింగ్‌తో కింద బద్ధకం, పైన విశాలం. ఈ ఒక్క వాక్యం అందరికీ తెలుసు. ఆ ఇరుకు ఇంజన్‌ని ఏం చేస్తుందనేది మాత్రం చాలామంది పట్టించుకోరు.

టర్బైన్ ముందు గ్యాస్ ఇరుక్కుంటే మానిఫోల్డ్‌లో (సిలిండర్ల నుంచి టర్బైన్‌కి గ్యాస్ తెచ్చే గొట్టాల్లో) ప్రెజర్ పెరుగుతుంది. ఇన్‌టేక్ వైపు 1.4 బార్ బూస్ట్ ఉంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో 2.8 బార్ ఉంది అనుకోండి. పిస్టన్ కాలిన గ్యాస్‌ని బయటికి నెట్టడానికి ఆ 2.8 బార్‌తో కుస్తీ పట్టాలి, అది నేరుగా పవర్ నష్టం. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. సిలిండర్‌లో కాలిన గ్యాస్ పూర్తిగా బయటికి పోదు, రెండు వాల్వులూ తెరిచి ఉండే ఆ కొద్ది సేపట్లో కొంత వెనక్కి కూడా వస్తుంది. మిగిలిపోయిన ఆ వేడి గ్యాస్ వల్ల కొత్త గాలికి చోటు తగ్గుతుంది, సిలిండర్‌లోని గాలి, పెట్రోల్ మిశ్రమం వేడెక్కుతుంది, నాక్ (మిశ్రమం దానంతటదే అంటుకుని ఇంజన్‌ని కొట్టడం) త్వరగా మొదలవుతుంది. నాక్ వస్తోందని ట్యూనర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతాడు, టైమింగ్ వెనక్కి లాగితే ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఇంకా పెరుగుతుంది, వేడెక్కిన గ్యాస్ ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఇరుకు ఇంకా పెరుగుతుంది. ఈ చక్రంలో పడ్డాక బూస్ట్ ఎంత పెంచినా పవర్ రాదు. డైనో (ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) గ్రాఫ్‌లో 5500 దగ్గర టార్క్ కొండ మీద నుంచి జారినట్టు పడిపోతూ, ఓనర్ మాత్రం "ఇంకో 0.2 బార్ పెంచుదామా" అని అడుగుతుంటే టర్బైన్ వైపే ముందు చూడాలి.

ఎంత ప్రెజర్ వరకు ఫర్వాలేదు? ఎగ్జాస్ట్ ప్రెజర్, బూస్ట్ సమానంగా ఉంటే చాలా బాగున్నట్టు. రోడ్డు మీద తిరిగే కార్లలో ఎగ్జాస్ట్ వైపు ఒకటిన్నర రెట్ల వరకు మామూలే, రెండు రెట్లు దాటితే మాత్రం ఇంజన్ ఎంత మంచిదైనా దాని కష్టం టర్బైన్ తినేస్తోందని లెక్క. ఈ రెట్లు చెప్పేటప్పుడు గేజ్ ప్రెజర్‌ని గేజ్ ప్రెజర్‌తోనే పోల్చాలి. బూస్ట్ 1.4, మానిఫోల్డ్ 2.0 అయితే గేజ్ లెక్కలో 1.43 రెట్లు, అదే వాతావరణ పీడనం కలిపి చూస్తే 2.4కి 3.0, అంటే 1.25 రెట్లు. ఒకరు ఒకటి చెప్పి ఇంకొకరు ఇంకోటి అనుకుని అర్ధరాత్రి దాకా తిట్టుకున్న సందర్భాలు నేను చూశాను.

ఇక లెక్కకి వద్దాం. 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, 7000 రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎం), క్రాంక్ దగ్గర 400 హార్స్‌పవర్ కావాలి. పెట్రోల్ ఇంజన్‌లో నిమిషానికి ఒక పౌండు గాలికి సుమారు 10 హార్స్‌పవర్ వస్తుందని మోటు లెక్క, కాబట్టి 40 పౌండ్ల గాలి. ఎయిర్ ఫ్యూయల్ రేషియో 11.5 అనుకుంటే దానితోపాటు మూడున్నర పౌండ్ల పెట్రోల్ వెళ్తుంది. రెండూ కలిసి ఎగ్జాస్ట్‌లో నిమిషానికి 43.5 పౌండ్ల గ్యాస్. టర్బైన్ మ్యాప్‌లో (తయారీదారు ఇచ్చే గ్రాఫ్‌లో) ఉండేది ఈ అంకె కాదు, కరెక్టెడ్ ఫ్లో, అంటే వేడినీ ప్రెజర్‌నీ ఒక ప్రామాణిక స్థితికి మార్చి చూపే అంకె. గ్యాస్ 870 డిగ్రీల సెల్సియస్‌లో ఉందనుకుంటే కెల్విన్‌లో 1143, దాన్ని ప్రామాణిక 288తో భాగిస్తే 3.97, దాని వర్గమూలం 1.99. మానిఫోల్డ్‌లో వాతావరణంతో కలిపి 3.0 బార్ ఉందనుకుంటే 1.013తో భాగించి 2.96. ఇప్పుడు 43.5ని 1.99తో గుణించి 2.96తో భాగిస్తే 29 పైచిలుకు.

ఈ 29ని మ్యాప్‌తో పోల్చాలి. ఒక హౌసింగ్ ఆ ప్రెజర్ రేషియో (టర్బైన్ ముందు, వెనక ప్రెజర్ల నిష్పత్తి) దగ్గర 21 మాత్రమే మింగగలదని మ్యాప్‌లో ఉందనుకోండి. అంటే గ్యాస్‌లో 72 శాతం టర్బైన్ గుండా వెళ్తుంది, మిగతా 28 శాతం వేస్ట్‌గేట్‌లోంచి, అంటే టర్బైన్‌ని తప్పించి గ్యాస్‌ని పక్కకి పంపే వాల్వులోంచి, పోవాలి. ఇంకో హౌసింగ్ 25 మింగితే 86 శాతం టర్బైన్‌కి, 14 శాతం వేస్ట్‌గేట్‌కి. రెండిట్లోనూ పని జరుగుతుంది. కాకపోతే మొదటిదానికి వేస్ట్‌గేట్ పెద్దది పెట్టాలి, లేకపోతే గ్యాస్‌కి దారి చాలక బూస్ట్ అనుకున్నచోట ఆగకుండా పైకి పాకుతుంది. రెండోదానితో వేస్ట్‌గేట్‌కి ఊపిరి తీసుకునే వీలుంటుంది, అదే పని ఇంకొంచెం తక్కువ మానిఫోల్డ్ ప్రెజర్‌లో కూడా కావచ్చు, అప్పుడు 3.0 స్థానంలో 2.8 వేసి లెక్క మళ్లీ మొదటినుంచి చేయాలి. రెండు మూడుసార్లు చేస్తే ఒక చోట కుదురుకుంటుంది. మ్యాప్‌లో ఆ గీతలు కొంతదూరం పైకి వెళ్లి ఆ తర్వాత దాదాపు అడ్డంగా పడుకుంటాయి గమనించారా, అక్కడ టర్బైన్ చోక్ అయినట్టు. ఆ తర్వాత కరెక్టెడ్ ఫ్లో పెరగదు, మీరు ఎంత గ్యాస్ పంపితే అంత ప్రెజర్ పెరుగుతుంది, అంతే.

రెడ్‌లైన్ దగ్గర 10 నుంచి 20 శాతం గ్యాస్ వేస్ట్‌గేట్‌కి మిగిలేలా చూసుకోవడం నాకు ఇష్టం. అసలేమీ మిగలకపోతే వేడి రోజున, ఎత్తు ప్రదేశంలో, ఫిల్టర్ కాస్త మూసుకుపోయినప్పుడు బూస్ట్ అందదు. మరీ ఎక్కువ మిగిలితే హౌసింగ్ ఇరుకైందని అర్థం.

చిన్న టర్బైన్, దానికి తగ్గ వేస్ట్‌గేట్ అనే ఆలోచన కొత్తదేం కాదు. 1975లో పోర్షే 930 వచ్చినప్పుడు దాని లాగ్, అంటే బూస్ట్ రావడంలో ఆలస్యం, గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు, కింద ఏమీ లేక, ఉన్నట్టుండి మలుపు మధ్యలో పవర్ మొత్తం మీద పడేది. ఆ తర్వాత రెండేళ్లకే, 1977లో, సాబ్ 99 టర్బో బయటికొచ్చింది. 2 లీటర్ల ఇంజన్, 145 హార్స్‌పవర్. సాబ్ ఇంజనీర్ పెర్ గిల్‌బ్రాండ్ బృందం అక్కడ పీక్ పవర్ కోసం పాకులాడలేదు, చిన్న టర్బో పెట్టి తక్కువ ఆర్‌పీఎంలోనే బూస్ట్ తెచ్చుకుని, ఎక్కువైన గ్యాస్‌ని వేస్ట్‌గేట్‌తో పక్కకి పంపేశారు. రోజూ నడిపే కారుకి కావలసింది మధ్య ఆర్‌పీఎంలో టార్క్ అని వాళ్లకి అర్థమైంది. ఇప్పటి ఫ్యాక్టరీ టర్బో కార్లన్నీ దాదాపు ఆ దారిలోనివే, అందుకే 1800 ఆర్‌పీఎంకే లాగుతాయి, 6000కి అలసిపోతాయి.

మీ కారుకి ఏది కావాలో తేల్చుకోవడానికి నేను చూసే మొదటి విషయం గేర్ రేషియోలు. అవును, టర్బో గురించి మాట్లాడుతూ గేర్‌బాక్స్ దగ్గరికి వెళ్తున్నా. రెండో గేర్ 1.95, మూడోది 1.37 అనుకోండి. 7000 దగ్గర రెండు నుంచి మూడుకి మారితే ఇంజన్ 4900 చిల్లరకి పడుతుంది. మూడు నుంచి నాలుగుకి ఇంకా తక్కువే పడుతుంది. అంటే ట్రాక్ మీద పూర్తిగా తొక్కి నడిపే కారు మొదటి గేర్ దాటాక మళ్లీ 4900 కిందికి వచ్చేది బాగా నెమ్మదైన మలుపుల్లోనే. ఫుల్ బూస్ట్ 3300లో వస్తే ఏంటి, 4300లో వస్తే ఏంటి, ల్యాప్ టైంలో పెద్ద తేడా ఉండదు. కానీ 5000 నుంచి 7000 మధ్య పెద్ద హౌసింగ్ ఇచ్చే అదనపు పవర్ ప్రతి స్ట్రెయిట్‌లోనూ కలిసొస్తుంది. అదే కారు రోడ్డు మీద అయితే సీన్ రివర్స్. అక్కడ ఇంజన్ ఎక్కువసేపు 2000, 3500 మధ్య ఉంటుంది, ఓవర్‌టేక్ చేద్దామని కాలు నొక్కితే 4300 దాకా ఎదురుచూడటం చిరాకు, పైగా ఎదురుగా బండి వస్తుంటే టెన్షన్. ఈ రెండు వాడకాల్లో నిజంగా మీది ఏదో నిజాయితీగా ఒప్పుకోవాలి. ఏడాదికి ఒకట్రెండుసార్లు ట్రాక్‌కి వెళ్తూ మిగతా రోజులన్నీ ట్రాఫిక్‌లో తిరిగే కారుకి రేస్ కార్ హౌసింగ్ పెట్టుకుని ఏడ్చేవాళ్లే ఎక్కువ.

ఇక్కడే లాగ్, థ్రెషోల్డ్ అని రెండు వేర్వేరు మాటలున్నాయి, జనం రెండింటినీ కలిపేస్తారు. 2500 ఆర్‌పీఎంలో ఎంతసేపు తొక్కిపట్టినా బూస్ట్ రాకపోతే అది థ్రెషోల్డ్ సమస్య, గ్యాస్ చాలట్లేదు. 4500లో ఉన్నారు, బూస్ట్ రావలసిన చోటే, కానీ కాలు నొక్కాక అర సెకను ఆగి వస్తోంది, అది లాగ్. హౌసింగ్ సైజు రెండింటినీ మారుస్తుంది, మొదటిదాన్ని బాగా ఎక్కువగా. రెండోదానిలో వీల్ బరువు, పైపుల పొడవు, ఇంటర్‌కూలర్ సైజు, బేరింగ్ రకం అన్నీ వేలుపెడతాయి. బాల్ బేరింగ్ టర్బో కొంటే థ్రెషోల్డ్ వెయ్యి ఆర్‌పీఎం తగ్గిపోతుందని ఆశపడకండి.

వీల్ అన్నాను కాబట్టి ఇంకో వాదన కూడా తీర్చేద్దాం. పెద్ద టర్బైన్ వీల్‌కి చిన్న హౌసింగ్ పెట్టడమా, చిన్న వీల్‌కి పెద్ద హౌసింగ్ పెట్టడమా? చాలామంది మొదటిది చేస్తారు, "పవర్‌కి పెద్ద వీల్, స్పూల్‌కి చిన్న హౌసింగ్, రెండూ దక్కుతాయి" అని లాజిక్. స్పూల్ అంటే టర్బో వేగం అందుకుని బూస్ట్ ఇవ్వడం మొదలెట్టడం. వినడానికి బాగుంటుంది. కానీ ఒకే ఆకారంలో ఉన్న వీల్స్‌ని పోలిస్తే తిరగడానికి మొరాయించే గుణం, అదే ఇనర్షియా, వ్యాసం అయిదో ఘాతంతో పెరుగుతుంది. వీల్ 10 శాతం పెద్దదైతే ఇనర్షియా 61 శాతం పెరుగుతుంది. ఆ బరువుని తిప్పడానికి హౌసింగ్‌ని ఇరుకు చేశారు, ఆ ఇరుకు వల్ల పెద్ద వీల్ మింగగలిగిన గ్యాస్ దాని దాకా రానే రాదు. రెండిటికీ చెడ్డ రేవడి అయ్యేది అప్పుడే. టార్గెట్ పవర్‌కి సరిపడే అన్నిటికంటే చిన్న వీల్ తీసుకుని దానికి మధ్య సైజో, దానికి ఒక మెట్టు పైనో హౌసింగ్ పెట్టడం నాకు సరైన దారి. ఆ వీల్‌కి దొరికే అతిచిన్న హౌసింగ్ పెడితే తప్ప బూస్ట్ రావట్లేదంటే టర్బోనే మీ ఇంజన్‌కి పెద్దదని అర్థం, హౌసింగ్ మార్చి దాన్ని సరిదిద్దలేరు.

మరీ చిన్న హౌసింగ్‌తో ఇంకో ఇబ్బంది కంప్రెసర్ వైపు వస్తుంది. 2800కే ఫుల్ బూస్ట్ వచ్చేసిందని సంబరపడతాం, ఆ ఆర్‌పీఎంలో ఇంజన్ మింగే గాలి మాత్రం తక్కువ. ప్రెజర్ ఎక్కువ, ఫ్లో తక్కువ అంటే కంప్రెసర్ మ్యాప్‌లో ఎడమ పక్కన ఉన్న సర్జ్ గీత దాటినట్టు, అక్కడ గాలి ముందుకి పోలేక వెనక్కి తన్నుతుంది. పూర్తిగా తొక్కి ఉన్నప్పుడే ఇన్‌టేక్‌లోంచి గుర్రుగుర్రుమని తడబడే శబ్దం వస్తుంది, బూస్ట్ గేజ్ ముల్లు వణుకుతుంది. కాలు తీసేసినప్పుడు వచ్చే శబ్దం వేరు, ఇది వేరు, ఇది థ్రస్ట్ బేరింగ్‌ని తినేస్తుంది. కింద ఆర్‌పీఎంలో బూస్ట్ టార్గెట్ తగ్గించి దీన్ని కొంత అదుపు చేయొచ్చు, కానీ అలా తగ్గించేటట్టయితే అంత చిన్న హౌసింగ్ ఎందుకు పెట్టినట్టు?

ట్విన్ స్క్రోల్, అంటే లోపల రెండు వేరు దారులున్న హౌసింగ్, గురించి చెప్పకపోతే ఈ పోస్ట్ సగంలో ఆగినట్టే. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఫైరింగ్ ఆర్డర్ 1, 3, 4, 2. ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివరికి వచ్చి రెండు వాల్వులూ తెరిచి ఉన్న సమయంలో మూడో సిలిండర్ ఏం చేస్తోంది? అది 180 డిగ్రీలు వెనక ఉంది, అంటే పిస్టన్ అట్టడుగున ఉంది, దాని ఎగ్జాస్ట్ వాల్వు అంతకు ముందే 40, 50 డిగ్రీల దగ్గర తెరుచుకుంది, లోపలి ప్రెజర్ అంతా ఒక్కసారి బయటికి తన్నుకొస్తోంది. మామూలు మానిఫోల్డ్‌లో ఆ దెబ్బ నేరుగా ఒకటో సిలిండర్‌లోకి వెళ్తుంది. అందుకని 1, 4ని ఒక దారిలోకి, 2, 3ని ఇంకో దారిలోకి వేరుచేసి, హౌసింగ్ మధ్యలో గోడ కట్టి వీల్ దాకా కలవకుండా తీసుకెళ్తారు. ఒక్కో దారిలో దెబ్బకీ దెబ్బకీ మధ్య 360 డిగ్రీల ఎడం వస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఫైరింగ్ ఆర్డర్ 1, 5, 3, 6, 2, 4 కాబట్టి ముందు మూడు ఒకవైపు, వెనక మూడు ఒకవైపు, 240 డిగ్రీల ఎడం. మానిఫోల్డ్ చేయడానికీ సులువు.

దీని లాభం ఏంటంటే ఒక్కో దెబ్బలో ఉన్న శక్తి చెల్లాచెదురు కాకుండా వీల్‌కి చేరుతుంది, కాబట్టి ట్విన్ స్క్రోల్‌లో ఒక మెట్టు పెద్ద ఏ/ఆర్ పెట్టినా మామూలు హౌసింగ్‌లో చిన్నది పెట్టినట్టే స్పూల్ అవుతుంది, పైన ఇరుకు మాత్రం ఉండదు. క్యామ్‌లలో ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న ఇంజన్లకి ఇది ఇంకా బాగా పనికొస్తుంది. నష్టం ఏంటంటే మానిఫోల్డ్ కూడా దానికి తగ్గట్టు విడివిడిగా ఉండాలి, వేస్ట్‌గేట్ రెండు దారుల్లోంచీ సమానంగా గ్యాస్ తీసుకోవాలి, దానికోసం రెండు వేస్ట్‌గేట్‌లైనా పెట్టాలి లేదా రెండు దారుల్నీ గేట్ వాల్వు దాకా కలవనివ్వకుండా ఒకదానికి తీసుకెళ్లాలి. చోటు, బరువు, వేడి అన్నీ పెరుగుతాయి. మానిఫోల్డ్‌లో నాలుగు పైపులూ కలిసిపోయాక చివర్లో ట్విన్ స్క్రోల్ హౌసింగ్ బిగించి "ట్విన్ స్క్రోల్ సెటప్" అని రాసుకునేవాళ్లని చూస్తుంటాం. ఆ గోడ అక్కడ గ్యాస్‌కి రాపిడి పెంచడం తప్ప చేసేదేం లేదు.

హౌసింగ్‌లోనే కదిలే రెక్కలు పెట్టి ఏ/ఆర్‌ని నడుస్తుండగానే మార్చే పద్ధతి ఉంది కదా, అదెందుకు వాడరు అని అడుగుతారు. డీజిల్‌లో చాలాకాలంగా మామూలే. పెట్రోల్‌లో 1989లోనే షెల్బీ సీఎస్‌ఎక్స్‌లో గ్యారెట్ టర్బోతో వచ్చింది, 2006లో పోర్షే 911 టర్బో 997లో బోర్గ్‌వార్నర్‌తో వచ్చింది. పెట్రోల్ ఎగ్జాస్ట్ 1000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, ఆ వేడిలో సన్నని రెక్కలు ఇరుక్కుపోకుండా తిరగాలంటే మెటీరియల్, కంట్రోల్ రెండూ ఖరీదైన వ్యవహారం. ఇంట్లో చేసే ప్రాజెక్టుకి నేనైతే సలహా ఇవ్వను.

ఇప్పటికే ఒక హౌసింగ్ కారులో ఉండి, మార్చాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకి అన్నిటికంటే పనికొచ్చేది మానిఫోల్డ్ ప్రెజర్ కొలవడం. టర్బైన్ ఫ్లాంజ్‌కి దగ్గరలో చిన్న రంధ్రం చేసి మరవేసి, దానికి సన్నని స్టీల్ గొట్టం ఒక మీటరు దాకా, చుట్టలు తిప్పి బిగించండి, వేడి అక్కడే చల్లారిపోతుంది. దాని చివర హోస్ పెట్టి ప్రెజర్ సెన్సర్‌కి కలిపి, ఆర్‌పీఎం, బూస్ట్‌లతో పాటు ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) రికార్డ్ చేయండి. మూడో గేర్‌లో 2500 నుంచి రెడ్‌లైన్ దాకా, ట్రాక్ మీదో డైనో మీదో, ఒక్క పుల్ చాలు. రెండు గీతలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎగ్జాస్ట్ ప్రెజర్ ఏ ఆర్‌పీఎం నుంచి బూస్ట్‌ని వదిలేసి ఒక్కటే పైకి ఎగబాకుతోందో కనపడుతుంది. ఆ చోటు 6500లో ఉండి రెడ్‌లైన్ 7000 అయితే మీ హౌసింగ్ బాగానే ఉంది, వదిలేయండి. 4800లోనే మొదలైతే మార్చాల్సిందే. ఎగ్జాస్ట్ ప్రెజర్ చివరిదాకా బూస్ట్ కంటే కిందే ఉండి, బూస్ట్ మాత్రం 5000కి గానీ అందకపోతే చిన్నదానికి వెళ్లే చాన్స్ ఉంది.

అయితే స్పూల్ ఆలస్యంగా ఉందని హౌసింగ్‌ని తిట్టే ముందు మిగతావి చూడండి. మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర చిన్న లీక్ ఉన్నా చాలు, టర్బైన్‌కి వెళ్లాల్సిన శక్తి అక్కడే కారిపోతుంది, నల్లటి మసి చార కనపడుతుంది, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్కుటిక్కుమని వినపడుతుంది. వేస్ట్‌గేట్ వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదా, యాక్చువేటర్ స్ప్రింగ్ వదులైందా, ఇంటర్‌కూలర్ హోస్ ఎక్కడైనా ఊడిందా, వేరియబుల్ క్యామ్ ఉన్న ఇంజన్ అయితే కింద ఆర్‌పీఎంలో క్యామ్ టైమింగ్ సరిగ్గా ట్యూన్ చేశారా, ఇవి చూడకుండా హౌసింగ్ మార్చడం పళ్ళు నొప్పి పెడితే చెప్పులు మార్చుకోవడం లాంటి వ్యవహారం.

కంప్రెసర్ హౌసింగ్‌కి కూడా ఏ/ఆర్ ఉంటుంది, దాని గురించి రెండు ముక్కలు చాలు: దాని ప్రభావం బాగా తక్కువ, ఎక్కువసార్లు మనకి ఎంచుకునే అవకాశమే ఉండదు. అక్కడ చూసుకోవలసింది పోర్టెడ్ ష్రౌడ్ (సర్జ్ తగ్గించడానికి గాలి లోపలికొచ్చే చోట చుట్టూ పెట్టే చీలిక) ఉందా లేదా, అవుట్‌లెట్ మీ పైపింగ్‌కి సరిపోతుందా, అంతే.

హౌసింగ్ మార్చాలని తేలితే పని పెద్దదేం కాదు గానీ తొందరపడకండి. పాత బోల్టులు వేడికి అంటుకుపోయి ఉంటాయి, ముందురోజే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి, హౌసింగ్‌ని వంకరగా లాగితే టర్బైన్ వీల్ బ్లేడు కొస వంగుతుంది, ఆ తర్వాత టర్బో మొత్తం కొత్తది కొనాల్సిందే. కొత్తది అమర్చాక బోల్టులు బిగించే ముందు, బిగించాక, రెండుసార్లూ షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా రాసుకోకూడదు. ఫ్లాంజ్ టీ3 సైజు నుంచి టీ4 సైజుకి మారుతోందా, డౌన్‌పైప్ వీ బ్యాండ్ క్లాంప్ అదే సైజా, హౌసింగ్ పెద్దదైతే పక్కనున్న బ్రేక్ లైనుకీ స్టీరింగ్ షాఫ్ట్‌కీ ఎడం ఉందా అని ముందే కొలుచుకోండి. పాత ఈసీయూ మ్యాప్‌తో (పాత ట్యూన్‌తో) మాత్రం కారు తొక్కొద్దు. బూస్ట్ వేరే చోట వస్తుంది, వేస్ట్‌గేట్ డ్యూటీ పాతది పనికిరాదు, సిలిండర్‌లో మిగిలే గ్యాస్ తగ్గి అదే బూస్ట్‌లో గాలి ఎక్కువ వెళ్తుంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెజర్ చూసి లెక్కవేసే ఈసీయూ అయితే మిక్స్‌చర్ పల్చబడుతుంది. ముందు వేస్ట్‌గేట్ స్ప్రింగ్ బూస్ట్‌లోనే నడిపి, ఫ్యూయల్ టేబుల్ సరిచేసుకున్నాకే పైకి వెళ్లండి. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక హౌసింగ్ బోల్టులు ఇంకోసారి బిగించడం మర్చిపోకండి.